మూడో గుడ్డు

ఏటి అవతలి అడవిలో బాతుల గూళ్ళకు కాపలా కావాలని తెలిసి, ఓ ముంగిస ఈదుకుంటూ వెళ్ళింది. పాములంటే దానికి లెక్కే లేదు. పెద్ద బాతుకు తెగ నచ్చేసింది.

"పని నీదేనమ్మా. అయితే మా అడవిలో ఒక పద్ధతుంది. ఎవరినైనా పెట్టుకునే ముందు వాళ్ళ పాత అడవికి కాకిని పంపి, నేరాలేమైనా చేశారేమో కనుక్కుంటాం. నువ్వు సరే అంటేనే పంపుతాం," అంది బాతు.

ముంగిసకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. కరువొచ్చిన ఏడు అది కౌజుపిట్ట గూట్లో దూరింది.

అదే పనికి వచ్చిన నక్క, "నేను వద్దనేశాను. నువ్వూ అలాగే జారుకో. ఇంకో అడవి చూసుకుందాం," అని చెవిలో ఊదింది.

"ఎన్ని అడవులని తిరగను? పంపండమ్మా," అంది ముంగిస.

మూడో రోజుకు కాకి తిరిగొచ్చింది. పని లేదనే ముందు, కాకి తెచ్చిన కబురు పనికి వచ్చినవాళ్ళకే చెప్పి వాళ్ళ జవాబు వినడం కూడా అక్కడి పద్ధతే.

"కౌజుపిట్ట గుడ్లు రెండు తిన్నావట. కాకులూ పొరబడతాయి. ఇందులో తప్పుంటే చెప్పు," అంది బాతు.

ముంగిస తల పైకెత్తింది.

"తప్పుందమ్మా. రెండు కాదు, మూడు. మూడోది పాము తిందని అందరికీ నేనే చెప్పాను. ఆ తర్వాత మళ్ళీ ఏ గూడూ ముట్టలేదు."

పెద్ద బాతు తను పొదుగుతున్న గుడ్ల మీంచి లేచింది.

"ఏట్లో ఓ మునక వేసొస్తాను. వీటిని కాస్త చూస్తుండు," అని వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.