వెనకింటి గట్టు

వెనకింటివాడు విశ్వనాథం స్థలం తింటున్నాడు. అందులో అనుమానం లేదు.

మిచిగన్‌లోని ట్రాయ్ ఊళ్ళో ఆ వీధి ఇళ్ళ మధ్య గోడలుండవు. ఎటు చూసినా ఒకటే పచ్చిక. అలాంటి చోట గట్టు జరపడం ఎంత తేలికో పల్లెలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? ఊళ్ళో పెదనాన్న కొడుకులు ఏడాదికో చాలు జరుపుకుంటూ పోయి అతని పొలం అరెకరం మింగారు.

ఇక్కడ వీడు.

రెండేళ్ళుగా విశ్వనాథం చూస్తున్నాడు. చలి తగ్గి, టీవీలో ఉరుముల వాన అన్నారంటే చాలు, ఆ పొద్దున్నే వెనకింటి వైపు నుంచి ఒకడు వస్తాడు. తలమీద టోపీ, చేతిలో పార. దొడ్డి చివర గొంతుక్కూర్చుని గీకుతాడు. ఏదో ఎత్తి సంచిలో పోసుకుంటాడు. వచ్చిన దారినే పోతాడు.

"ఆయన్నే అడగొచ్చుగా నాన్నా?" అంది దూరాన బాతెల్ ఊళ్ళో ఉంటున్న కూతురు దేదీప్య, ఫోన్‌లో.

"దొంగని అడిగి తెలుసుకునేదేముంటుంది?"

"జస్ట్ హలో చెప్పు. నైబర్ కదా."

"మీ అమ్మ పోయినప్పుడు ఏ నైబరొచ్చాడు?"

దేదీప్య మాట మార్చింది. "పోనీ, బేస్‌మెంట్ క్లీన్ చేయించావా?"

"చేయించను."

బేస్‌మెంట్ అతని భార్య త్రివేణిది. అక్కడ కూర్చుని పాత చీరలతో బొంతలు కుట్టేది. చివరి బొంత సగంలో ఆగి, సూదితో సహా మిషను మీదే ఉంది. తాడు మీద చీరలున్నాయి. వాటిలో ఆమె వాసన ఇంకా పోలేదు. కూతుర్ని కూడా కిందికి దిగనివ్వడు విశ్వనాథం. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో రిటైరయ్యాక అతనికి ఈ దేశంలో మిగిలింది ఆ గది ఒక్కటే. సాయంత్రాలు వెళ్ళి అందులో కూర్చుంటాడు.

మే నెలలో దొడ్డి చుట్టూ కంచె వేయించాడు.

ఆ వారమే టీవీలో అమ్మాయి మ్యాపంతా ఎరుపు చేసి చూపించింది. దక్షిణం నుంచి ఉక్కగాలి, సరస్సుల మీద నుంచి చల్లగాలి. రెండూ రేపు సాయంత్రం మిచిగన్ మీదే కలుస్తాయంది. కుండపోత వాన, వడగళ్ళు, చెట్లు కూల్చే గాలి.

మర్నాడు పొద్దున బెల్లు మోగింది. వాడే. దగ్గర నుంచి చూస్తే ముప్పై నిండని తెలుగు కుర్రాడు.

"నమస్తే అంకుల్. నా పేరు ఉదయ్. పది నిమిషాలు మీ బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళనిస్తారా?"

"కంచె అడ్డమొచ్చిందా?"

"అది కాదంకుల్. అక్కడ వాన నీళ్ళు పోయే ఇనప జాలీ ఉంది. మేపుల్ గింజలు రాలి బ్లాక్ అయిపోయుంటుంది. సాయంత్రం పెద్ద వాన."

"అయితే నీకేంటి నష్టం?"

ఉదయ్ ఏదో చెప్పబోయి ఆగాడు.

"చెప్పవేం? నీళ్ళు నీ ఇంట్లోకొస్తాయి, అంతేగా? నీ కొంప మునక్కుండా నా నేల తవ్వుకుంటావా?"

"పోనీ మీరైనా తీయండి అంకుల్. ప్లీజ్. పారతో లాగితే వచ్చేస్తాయి."

"నాకు పనులు పురమాయించేంత మొనగాడివా? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే పోలీసుల్ని పిలుస్తా."

"ఇంక రాను అంకుల్. రావాలన్నా కుదరదు."

"చాలా సంతోషం."

తలుపు వేసేసి దొడ్లోకి వెళ్ళి చూశాడు. జాలీ మూసుకుపోయిన మాట నిజమే. రెక్కల గింజలు చాపలా పరుచుకున్నాయి. కాలితో నెట్టినా పోయేవి.

నెట్టలేదు. మునగనీ వెధవని, అనుకున్నాడు.

సాయంత్రం తుఫాను హెచ్చరిక సైరన్లు కూశాయి. ఆకాశం పగిలినట్టు వాన పడింది. దొడ్డి చెరువైంది. ఆ నీళ్ళు వెనకింటి వైపు పోలేదు. అటు ఎత్తు. తిన్నగా విశ్వనాథం ఇంటి మీదికే వచ్చాయి. నేల మట్టాన ఉన్న బేస్‌మెంట్ కిటికీ పగిలింది.

అతను మెట్లు దిగేసరికి మిషను మునిగిపోయింది. చీరలు బురదలో తేలుతున్నాయి. చేతులకి అందినన్ని పైకి తెచ్చి మొహానికి ఆనించుకున్నాడు.

బురద వాసన.

తెల్లారి వెనక వీధిలోకి చుట్టి వెళ్ళి ఆ ఇంటి తలుపు బాదాడు. ముసలి అమెరికన్ ఆవిడ తీసింది.

"ఉదయ్ ఏడీ? పిలు వాణ్ణి!" వచ్చీరాని ఇంగ్లీషులో అరిచాడు.

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉంటాను" అందావిడ. "అతను గంట దూరంలోని ఆన్ ఆర్బర్ నుంచి వచ్చేవాడు. నా స్థలం మీదుగా మీ దొడ్లోకి వెళ్ళడానికి ప్రతిసారీ నన్ను అడిగేవాడు."

"ఎందుకు?"

ఆవిడ చెప్పింది. నెమ్మదిగా, అతనికి అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"వీసా అయిపోయింది. నిన్న ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తూనే మీ ఇంటి దగ్గర ఆగాడు."

సాయంత్రం దేదీప్య ఫోన్ చేసింది.

"వెనకింటాయన్ని నిలదీశావా నాన్నా?"

"వెనకింట్లో మగమనిషే లేడు."

"మరి వచ్చిందెవరు?"

"నేను షిఫ్టులో ఉన్న రోజుల్లో మీ అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చినవాడు."

"హాస్పిటల్ వ్యాన్‌లో వెళ్ళేదన్నావు కదా?"

"నాకూ అదే చెప్పింది. పరాయివాడు సాయమొస్తే గుమ్మంలోంచే తరిమేస్తానని భయపడిందట. దొడ్లో వాన నీళ్ళ జాలీ మీద గింజలు తీసే పని ఏటా తనే చేసేదట. తను పోయాక వాణ్ణి చెయ్యమందట. నాకు చెప్పొద్దని మాట తీసుకుందట."

"నాన్నా... అతని నంబర్ నేను కనుక్కుంటాను. ఒక్కసారి నువ్వు—"

"ఈ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."