అర్బాబ్ గురి

“అయిదు గుండ్లు. మూడు నల్ల చక్రంలో పడితే పిస్తోలు నీది. పడకపోతే ఇటునుంచి ఇటే వెళ్లి దుకాణంలో తిరిగి ఇచ్చేద్దాం” అన్నాడు ఖల్ఫాన్, తండ్రి చేతులకేసి చూస్తూ. “నీ చేతులు బాగున్నాయో లేదో ఇవాళ తేలిపోవాలి బాబా.”

ముసలి హమూద్ కొత్త పిస్తోలును పెట్టెలోంచి తీసి చూసుకున్నాడు. చిన్నది. ముసలాయన అరచేతిలో ఇమిడిపోయింది. కొన్న రోజు నుంచి అది ఆయన దిండు పక్కనే ఉంటోంది. ఒక్క గుండూ కాల్చని పిస్తోలును పొద్దుటా సాయంత్రం నూనెగుడ్డతో తుడుస్తుంటే, డ్రైవర్ దేవదాసు చూసి నవ్వుకునేవాడు. ఇప్పుడు మాత్రం అతనికి నవ్వు రావడం లేదు.

ఊరి బయట రుసైల్ ఫ్యాక్టరీలు దాటాక కొండను ఆనుకుని ఉంది ఆ షూటింగ్ రేంజ్. శుక్రవారం పొద్దున కావడంతో వీళ్లు తప్ప ఎవరూ లేరు.

“దేవా” అని పిలిచాడు హమూద్. “ఏందిరా, గట్ల నిలవడ్డవ్? భయమైతుందా?”

దేవదాసు ‘అర్బాబ్’ అని పిలిచే ఈ అరబ్బు యజమాని మాట్లాడేది తెలుగే. బండిలో పక్కన కూచుని దేవదాసు దగ్గర నేర్చిందే. అందులో జగిత్యాల తిట్ల పాలే ఎక్కువ. ఖల్ఫాన్‌కు అందులో ఒక్క ముక్కా తెలియదు.

“నాకెందుకు భయం అర్బాబ్. నువ్వు కాల్చేది కాయితాన్ని గదా.”

“ఏమో. చెయ్యి వణుకుతది.”

“గట్లయితే నేను పోయి నీ కొడుకు ఎనక నిలవడ్త.”

ముసలాయన గడ్డంలోనే నవ్వాడు.

రేంజ్ చూసుకునే నసీరుద్దీన్ చప్పుడు ఆపడానికి చెవులకు పెట్టుకునేవి తెచ్చి అందరికీ ఇచ్చాడు. అతనిది బోధన్. “చిన్న పిస్తోలు ఎక్కువ ఎగుర్తది సాబ్. రెండు చేతుల్తో పట్టుండ్రి” అని హిందీలో చెప్పి, పక్కకు జరిగాడు.

హమూద్ చేతులు చాచాడు. పిస్తోలు మొన గాలికి ఆకు ఆడినట్టు ఆడింది.

దేవదాసు కళ్లు దించుకున్నాడు. రంజాన్ అప్పటి నుంచీ ఇదే వరస. కహ్వా కాఫీ పోస్తే కప్పు నిలవదు, సగం దుస్తుల మీదే. కొడుకు కంటపడక ముందే దేవదాసు గబగబా తుడిచేసేవాడు. ఇక్కడ తుడవడానికి ఏముంది?

మొదటి గుండుకు కాగితం వెనకున్న మట్టికట్ట మీద దుమ్ము లేచింది. రెండోది ఇంకా పైన తగిలింది. మూడోది ఎటు పోయిందో తెలియలేదు. నాలుగు, అయిదు కూడా మట్టిలోకే. ఖల్ఫాన్ కాసేపు చూసి, తల అడ్డంగా ఊపి, పెట్టె కోసం వెనక్కి తిరిగాడు.

నసీరుద్దీన్ పిస్తోలు ఖాళీ అయిందని చూసుకుని పచ్చజెండా ఎత్తాడు. అతను అడుగు వేయకముందే దేవదాసు ముందుకు నడిచాడు.

“కాయితం నేను దెస్త భాయ్. నువ్వుండు.”

దగ్గరికెళ్లి చూస్తే కాగితం కొత్తగా అంటించినట్టే ఉంది. చిన్న గీత కూడా లేదు. దేవదాసు వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాడు. క్లిప్పులు ఊడదీస్తున్నట్టు చేతులు ఆడిస్తూ జేబులోంచి పెన్ను తీశాడు. నల్ల చక్రంలో మూడు పోట్లు పొడిచాడు. అన్నీ నడుమనే ఉంటే నమ్మరని తెల్లటి జాగాలో రెండు పొడిచాడు. పెన్ను జేబులో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నడిచి వచ్చాడు.

కాగితం ముందు నసీరుద్దీన్ అందుకున్నాడు. గుండు దూసుకుపోతే రంధ్రం చుట్టూ మసి ఉంగరం ఉంటుంది. వీటికి లేదు. అతను వేలితో తడిమి చూశాడు. తరువాత దేవదాసు జేబు చూశాడు. ఆ తరువాత, పిస్తోలును ఇంకా వదలకుండా పట్టుకుని ఉన్న ముసలాయన్ని చూశాడు.

“మాషా అల్లా” అన్నాడు గట్టిగా. “మూడు లోపలే పడ్డయి సాబ్.”

ఖల్ఫాన్ కాగితం లాక్కుని చూశాడు. రంధ్రాల్లోంచి కొండ కనబడింది. అతని మొహం విప్పారింది. తండ్రి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

“దుమ్ము చూసి పొరపాటు పడ్డాను బాబా. ఊరికే బెంగపెట్టుకున్నాను. నీ చేతులు నాకంటే గట్టివి.”

కాగితానికి ఫోటో తీసుకుని, అక్కలకు ఇప్పుడే చెప్పాలంటూ ఫోను చెవిన పెట్టుకుని బయటికి వెళ్లాడు. నసీరుద్దీన్ కూడా ఖాళీ తూటాలు ఏరుకునే నెపంతో దూరంగా జరిగాడు.

హమూద్ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు. మొహంలో సంతోషం లేదు.

“ఇగ పిస్తోలు నీదే అర్బాబ్” అన్నాడు దేవదాసు చిన్నగా. “ఎట్లనని అడగకు. దేవుడు సూశిండనుకో.”

“దేవుడు జేబుల పెన్ను పెట్టుకుంటడా?”

దేవదాసు దొరికిపోయినవాడిలా నవ్వాడు. “మరేం జెయ్యాలె? దాన్ని వాపస్ ఇచ్చి నువ్వు అన్నం మానేసి కూసుంటే ఎవలు సూడాలె? నాకే గదా తక్లీబు.”

“గాడిది కొడుకా” అన్నాడు ముసలాయన. అంత మెత్తగా ఆ తిట్టు తిట్టడం దేవదాసు ఎన్నడూ వినలేదు. ఎందుకో అతని చూపు ఆ రెండు వేళ్ల మీద ఆగింది. కాగితం రవ్వంత కూడా కదలడం లేదు.

“చేతులు మంచిగుంటే బండి నేనే నడుపుకోవాల్నట, నిన్ను ఇంటికి పంపిస్తడట మావోడు. గందుకే గదరా, ఇన్ని దినాల సంది చెయ్యి వణికిస్తున్న.”