మూడో పరికరం

మళ్లీ నోరు తెరిచి ఉండగానే అతని బొమ్మ ఆగిపోయింది. కంప్యూటర్ తెర మీద కళ్లు సగం మూతపడి, కింది పెదవి ఒక పక్కకు జారి, దేనికోసమో బతిమాలుకుంటున్న మనిషిలా ఉన్నాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా మోస్తున్న మొహమే. అయినా ఎవరో కొత్తవాణ్ణి దొంగచాటుగా చూస్తున్నట్టు అనిపించింది.

"బావా, మాట్లాడుతున్నావా, ఆవలిస్తున్నావా?" బావమరిది గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "నాలుగింటికి వాళ్ల ముందు ఇలాగే కూర్చున్నావంటే ఉద్యోగం మాట దేవుడెరుగు, అంబులెన్స్ పంపిస్తారు."

మూడూ ఐదయింది. అతను పనిచేసే గోదాము మూతపడి ఎనిమిది నెలలు. ఇన్నాళ్లకు వచ్చింది ఈ ఒక్క ఇంటర్వ్యూ. అది కూడా కంప్యూటర్లోనే.

నెట్ కంపెనీకి ఫోన్ చేసి, పది నిమిషాలు పాట విన్నాక, మెత్తటి మగ గొంతు ఒకటి పలికింది. చిరునామా అడిగింది. రెండో అంతస్తు, ఏడో నంబరు వాటా అని చెప్పాడు.

"ఏడేనా సార్?"

"ఏడే. పైన ఎవరో గోడకు డ్రిల్లు పెడుతున్నారు, నా మాట వినబడుతోందా?"

"వినబడుతోంది సార్. ఇక్కడా అదే గోల."

నెట్ పెట్టె ఒకసారి ఆపి, ముప్పై దాకా లెక్కపెట్టి, మళ్లీ వేయమంది గొంతు. అతను స్విచ్ ఆపాడు. కాల్ తెగిపోయింది. పెట్టె మళ్లీ వేశాక ఆ గొంతే తిరిగి ఫోన్ చేసి, లైను కట్టయినందుకు క్షమించమని, ఇంకొక్కసారి ఆపి చూడమంది. ఆపాడు. మళ్లీ తెగిపోయింది. తన చెయ్యి తగిలితే ఏ వస్తువైనా చెడిపోతుందని అతనికి చిన్నప్పటి నుంచీ లోలోపల ఓ అనుమానం. ఇప్పుడది ఖాయమైపోయింది.

పెట్టె వేశాక ఫోన్ మళ్లీ మోగేసరికి మూడున్నర.

"ఈసారి ఆపొద్దు సార్," అంది గొంతు.

"మీరే కదా ఆపమన్నది?"

"నా ముందున్న కాగితంలో అలా రాసుంది సార్. ఆపితే మనం విడిపోతున్నాం."

"ఆపితే విడిపోతామా?" అన్నాడతను అయోమయంగా.

"ఎవరితోనండీ?" అంది వంటింట్లోంచి భార్య.

ఇంట్లో నెట్ వాడే పరికరాలెన్నని గొంతు అడిగింది. తన కంప్యూటరూ, భార్య ఫోనూ, రెండే అన్నాడు. ఈ ఫోను సంగతి వేరు, దీనికి నెట్ లేదు.

"నాకు మూడు కనబడుతున్నాయి సార్," అంది గొంతు నీరసంగా. "ఆ మూడోదే ఎక్కువ లాగేస్తోంది. పొద్దున ఎనిమిది నుంచీ."

అతని ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో ఏదో హాయి కూడా ఉంది. ఎనిమిది నెలలుగా తన దురదృష్టానికి ఒక మనిషి ఆకారం కావాలని వెతుక్కుంటున్నాడు. గోదాము మూసినవాళ్లు ఎవరో తెలియదు, జవాబు రాయని కంపెనీల వాళ్లూ తెలియదు. ఇదిగో, ఇన్నాళ్లకు ఒకడు చిక్కాడు.

"వాడెవడో దొరకనీ, పళ్లు రాలగొడతాను."

గొంతు చిన్నగా దగ్గింది. "అంత దూరం ఎందుకులెండి సార్. పాపం, ఏ అవసరంలో ఉన్నాడో."

"దొంగ మీద జాలేమిటి మీకు? ఏం చెయ్యాలో చెప్పండి."

అవతల చాలాసేపు డ్రిల్లు చప్పుడే వినబడింది.

"ఈ కాల్ రికార్డవుతోంది కాబట్టి చెప్పక తప్పదు," అంది గొంతు చివరికి. "పాస్‌వర్డ్ మార్చండి. పాతది ఎలాగూ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలే అయ్యుంటుంది."

"మీకెలా తెలుసు?"

"అందరూ అదే పెడతారు సార్. ఈసారి ఎవరూ ఊహించలేనిది పెట్టండి."

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మన పెళ్లి తేదీ పెట్టండి. మీకే గుర్తుండదు, ఇంకెవరు ఊహిస్తారు?" అంటూ, అతన్ని అడిగి అవమానించడం ఎందుకన్నట్టు, తనే వంగి అంకెలు కొట్టింది.

"ఒక్క విన్నపం సార్," అంది గొంతు తొందరగా. "మీ ఫిర్యాదు నాలుగింటి లోపల ముగిసినట్టు నేను నమోదు చెయ్యాలి. ఈ వారం ఇంకొక్కటి మిగిలిపోయిందంటే నన్ను ఇంటికి పంపించేస్తారు. ఇప్పుడున్నదీ ఇంట్లోనే అనుకోండి, అయినా..."

భార్య ఆఖరి మీట నొక్కింది. కాల్ తెగిపోయింది.

ఈసారి దాని గురించి అతను పట్టించుకోలేదు. కొత్త అంకెలతో మళ్లీ నెట్ కలిపాక తెర మీద అతని మొహం నీళ్లతో కడిగినట్టు తేటగా ఉంది. నోరు తెరిస్తే తెరుచుకుంటోంది, మూస్తే మూసుకుంటోంది. కాసేపు ఊరికే తెరిచి మూసి చూసుకున్నాడు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు బావా," అన్నాడు బావమరిది. మూడూ యాభై రెండు. చొక్కా గుండీ పెట్టుకుంటుంటే తలుపు చప్పుడైంది.

తీశాడు. ఈ ఇంట్లోకి వచ్చిన ఆరు నెలల్లో ఎన్నడూ తెరిచి ఉండగా చూడని పక్క వాటా తలుపు బార్లా తీసి ఉంది. ఎదురుగా లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన. మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది. తెరిచిన ల్యాప్‌టాప్‌ని రెండు చేతుల మీదా పళ్లెంలా పట్టుకున్నాడు.

"మీ ఫిర్యాదు ముగించేద్దామంటే నా వైపు నెట్ పోయింది సార్," అన్నాడాయన, అదే మెత్తటి గొంతుతో. "పళ్ల సంగతి తరవాత చూసుకుందాం. ముందు మీ పెళ్లి తేదీ కాస్త చెబుతారా?"