పూసలదండ బేరం

దక్షిణాఫ్రికాలో, హ్లుహ్లువే అడవికి పోయే రోడ్డు పక్కన నొంతొబేకో పూసలదండలు అమ్ముతుంది. టూరిస్టుల వ్యాను నడిపే ఎంఫానఫుతి, ఎవరు ఎక్కినా సరే, ఆమె కొట్టు ముందు బండి ఆపకుండా పోడు.

ఆవేళ ఖాళీ వ్యానుతో వచ్చాడు.

“నాకో దండ కావాలి. ‘నీమీద మనసు పడ్డాను’ అని చెప్పాలి.”

మా జులూ పూసల్లో రంగు రంగుకీ ఒక మాట ఉంటుంది. కానీ ఈ మాట వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఎవరికోసమట?”

“ఉందిలే ఒకత్తె. మహా కోపిష్ఠిది.”

నొంతొబేకో మూతి ముడుచుకుని అల్లింది. ఒళ్లు మండి అసూయ చెప్పే పసుపు పూసలు గుచ్చబోయి, చేసే పనికి ద్రోహం చెయ్యలేక, ప్రేమ చెప్పే తెల్లవే గుచ్చింది.

అతను జేబులో చెయ్యి పెట్టాడు.

“నీ డబ్బెవడిక్కావాలి? పట్టుకెళ్లి ఆ మహారాణికే ఇచ్చుకో!” అని దండ విసిరికొట్టింది.

అతను దాన్ని తన మెడలోనే వేసుకున్నాడు.

“మనలో దండ ఇచ్చేది ఆడపిల్ల, వేసుకునేది మగాడు. కొనుక్కుంటే సరుకు, ఊరికే ఇస్తే మనసు. నువ్వు ఊరికే ఇచ్చావు. ఇక ఊరంతా చూపించుకొస్తా!”

వ్యాను కదిలింది. నొంతొబేకో వెనకాలే పరుగెత్తింది.

“ఆగరా దొంగ సచ్చినోడా! ముడి గట్టిగా వెయ్యలేదు, ఊడిపోతుంది!”