మూడో ఫిర్యాదు

మెడపట్టీలు పిల్లుల మనసులో మాట పైకి చెప్పడం మొదలెట్టాక, వాటి బొచ్చు దువ్వడమంటే కాకినాడలో ఎవరికైనా గుండె దడే.

ఆ ఆదివారం పొద్దున సుభాషిణి బాల్కనీలో కూర్చుని, బడికెళ్లే పిల్లకి జడ వేసినట్టు, తన బొచ్చుపిల్లి చామంతిని మోకాళ్ల మధ్య ఇరికించి దువ్వెన అందుకుంది.

"బాబోయ్, చంపేస్తోంది!" మెడపట్టీ వీధంతా వినబడేలా కేకపెట్టింది.

"నోర్ముయ్యవే! తోక కింద పిచ్చుక గూడంత చిక్కు కట్టుకుని, పైగా నామీద అరుపులా?"

"హింస! ఫిర్యాదు రాసుకోండి!"

సుభాషిణికి పైప్రాణాలు పైనే పోయాయి. మూడు ఫిర్యాదులైతే పిల్లిని వేరే ఇంటికి మార్చేస్తారు. ఇప్పటికే రెండయ్యాయి.

అనుకున్నంతా అయింది. జంతు సంక్షేమాధికారి గొంతు ఆ పట్టీలోంచే పలికింది. "చామంతిగారూ, మిమ్మల్ని ఆ ఇంట్లోంచి తీసుకొచ్చెయ్యమంటారా?"

సుభాషిణి చేతిలో దువ్వెన ఆగిపోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చామంతి తీరిగ్గా ఒళ్లు విరుచుకుంది. ఆవిడ ఒళ్లోనే వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది.

"అదంతా తర్వాత సార్," అంది పట్టీ. "ఈవిడ దువ్వడం ఎందుకాపిందో ముందు అడగండి!"