స్కోపులో మిగిలిన చూపు

“ఆ రింగు ముట్టుకున్నారంటే ఊరుకోను,” అంది తల్లి, మెకానిక్కు చేతికి తన చెయ్యి అడ్డం పెట్టి.

తుపాకులు బాగుచేసే మెకానిక్కు పెదాల మధ్య స్క్రూతోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బల్ల మీద, బోల్టు తీసేసిన పాత రైఫిలు కిటికీ వైపు తిరిగి ఉంది. దాని నెత్తి మీద, దూరాన్ని దగ్గరగా చూపే మూరెడు పొడుగు గొట్టం, స్కోపు. రెండూ పోయిన మనిషివి, ఆవిడ భర్తవి. ఆ స్కోపు ఏ కాలం నాటిదో గానీ, పేల్చిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి తన్నితే అది పట్టుల్లోంచి ముందుకు జారుతుంది. చేత్తో మళ్లీ వెనక్కి లాక్కోవాలి. ఆ అలవాటుతోనే ఆయన నిద్రలో దుప్పటి కూడా లాగేసుకుంటాడని ఆవిడ నలుగురిలో వేళాకోళం చేసేది. ఇప్పుడు దుప్పటంతా ఆవిడదే, నిద్రే పట్టడం లేదు.

“రేపు పొద్దున పోటీ అమ్మా,” అంది కూతురు. “పాత రైఫిలుకి పాత స్కోపే ఉండాలి. వేరేది బిగిస్తే ఆడనివ్వరు. ఇందులో చూస్తే నాకు పొగ తప్ప ఇంకేం కనబడట్లేదు.”

“మీ నాన్నకి కనబడింది కదే.”

“ఆయన తన కంటికి సరిపెట్టుకున్నారు కాబట్టి కనబడింది.”

మెకానిక్కు స్క్రూ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. “అమ్మడు చెప్పింది నిజమే చెల్లెమ్మా. కన్ను పెట్టే చోట ఉందే, ఈ రింగు ఎవరి చూపుకి తిప్పి బిగిస్తే వాళ్లకే తేటగా కనిపిస్తుంది. మిగతావాళ్లకి మసకే. కాస్త తిప్పామంటే అయిపోతుంది.”

“అందుకే వద్దంటున్నా. ఆయన చెప్పులున్నాయి, గొడుగుంది, అవి ఎవరైనా వాడుకోవచ్చు. ఇందులో ఉన్నది ఆయన చూపు. అది కాస్తా తిప్పేస్తే ఇంకెక్కడ వెతుక్కోను?”

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇందులోకి తొంగి చూశావా నువ్వు?” కూతురి గొంతు పెరిగింది. “ఆదివారం వచ్చిందంటే చాలు, ఈ తుపాకీ నాకు సవతి అని ఆయన్ని సాధించేదానివి.”

“ఒక్కసారైనా రమ్మన్నాడా నన్ను? ఆ సంచీ భుజాన వేసుకుని చక్కా పోయేవాడు. ఇంట్లో పెళ్లాం అనేదొకతి ఉందని గుర్తుంటే కదా.”

అన్నాక గానీ ఆవిడకి తట్టలేదు. పోయి ఇంకా ఏడాదైనా తిరగని మనిషిని పరాయివాడి ముందు ఆడిపోసుకుంటోంది. కొంగుతో మూతి నొక్కుకుని కిటికీలోంచి బయటికి చూసింది. షాపు వెనక పొడవాటి పెరడు, దాని చివర గోడ మీద గురి చూడటానికి అతికించిన కాగితం. కళ్లద్దాలున్నా ఆవిడ కళ్లకి అదొక తెల్లటి మచ్చ.

మెకానిక్కు ఆ మాటలు విననట్టే స్కోపు మీదికి వంగాడు. కాసేపటికి తల గోక్కున్నాడు.

“ఒకటి అర్థం కావట్లేదు చెల్లెమ్మా. మీ ఆయనకి చివరిదాకా కళ్లద్దాలు లేవు. అమ్మడికీ లేవు. అలాంటప్పుడు అమ్మడికి ఇంత మసక ఉండకూడదు. రింగు చూస్తే చివరికంటా తిప్పేసి ఉంది. గొట్టాన్ని కూడా బాగా వెనక్కి లాగి బిగించాడు. ఆయన మెడ పొడుగు, గొట్టాన్ని అంత దగ్గరికి లాక్కోవాల్సిన అవసరమే లేదు.”

“అంటే?” అంది కూతురు.

“చూపు తగ్గిపోయి ఉంటుంది. ఎవరికీ చెప్పి ఉండడు. కిందటిసారి ఇక్కడికొచ్చి పూటంతా కూర్చుని తనే బిగించుకున్నాడు. సాయం పడతానంటే నన్ను దగ్గరికి కూడా రానివ్వలేదు.”

తల్లి బల్ల పట్టుకుంది. కళ్లు కనిపించడం లేదన్న మాట కట్టుకున్న దానితో చెప్పుకోలేకపోయాడు. ఎలా చెప్పుకుంటాడు, ఇంటికొస్తే తను మొహం తిప్పుకుని కూర్చునేది. ఏడుపు ఆగలేదు. కూతురు దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది.

“పోనీలే అమ్మా. నేను రేపు ఆడను. అది అలాగే ఉండనీ.”

“వద్దు. నువ్వు ఆడాలి,” అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ. “తిప్పేయండి అన్నయ్యా. కాకపోతే ముందు నన్నోసారి చూడనివ్వండి. పోయేముందు ఆయన ఎంత మసకలో బతికాడో నేనూ చూస్తాను.”

మెకానిక్కు స్టూలు జరిపాడు. ఆవిడ సోడాబుడ్డి కళ్లద్దాలు గొట్టానికి తగులుతుంటే తీసి కూతురి చేతిలో పెట్టింది. అవి లేకపోతే ఆవిడకి ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడు. తడుముకుంటూ రైఫిలు వెనక కట్టెకి చెంప ఆనించింది. గొట్టం కోసం ముందుకీ వెనక్కీ జరగాల్సిన పనిలేకుండా, కొలిచి పెట్టినట్టు, కన్ను సరిగ్గా దాని ముందుకే వచ్చింది.

ఆవిడ ఎంతకీ తల ఎత్తలేదు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

“చాల్లే అమ్మా, లే,” అంది కూతురు మెల్లగా. “ఎంతసేపు చూసినా ఆ మసకే కదా.”

“మసకెక్కడుందే,” అంది తల్లి, కన్ను తియ్యకుండానే. “కళ్లద్దాలు లేకుండానే ఆ గోడ మీది కాగితంలో అంకెలన్నీ కనిపిస్తున్నాయి నాకు.”