గర్జన మంత్రం

"చెల్లదు, నాయినా," అంది సంధ్య, కాగితం వెనక్కి తోస్తూ.

అశోక్‌కుమార్ రాసిన మంత్రం తిరిగి రావడం ఇది ఏడోసారి. ఆఫీసులకు పెట్టిన అర్జీలు నయం. అవి అసలు తిరిగే రావు.

కొత్తకోటలో, మగ్గాల గదిలో, శనివారం మూడింటి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఈ ఆట సంధ్య హైదరాబాదులో చదువుకునేటప్పుడు నేర్చుకొచ్చింది. పాచికలు, కాగితాలు, నోరు ఉంటే చాలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు వీరులై రాక్షసులతో కొట్లాడతారు. నడిపేది సంధ్య. చీరల డిజైన్లు గీసే గళ్ళ కాగితమే యుద్ధభూమి. తల్లి రోజారమణి విలుకత్తె, పక్కింటి ఎల్లేష్ దొంగ, అశోక్‌కుమార్ మంత్రగాడు. ఎవరో దొరలు ఇంగ్లీషులో రాసిన మంత్రాలకు తానెందుకు లోబడాలని అతను సొంత మంత్రాలు రాయడం మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ళు చేనేత కార్మికుల కోసం మైకు పట్టి సమానత్వం అని అరిచిన మనిషి, మంత్రం రాయమంటే మాత్రం లాభమంతా తనకే వచ్చేట్టు రాసేవాడు. మొదటిది శత్రువులందరినీ ఒకేసారి చంపుతుంది. రెండోది చంపి, మళ్ళీ బతికించి, క్షమాపణ చెప్పిస్తుంది.

ఏడోది గర్జన. మంత్రగాడు ఉపన్యాసం మొదలుపెడితే, విన్నవాడు ఎంతటివాడైనా పారిపోవాలి. అవసరం కూడా అట్లాగే ఉంది. రాక్షసరాజు ఎదురుగా గద ఎత్తి నిలబడ్డాడు. ఇంకొక్క దెబ్బ పడితే అశోక్‌కుమార్ రెండేళ్ళుగా పెంచుకున్న మంత్రగాడు చస్తాడు.

"గిది అబద్ధమా?" అన్నాడు అశోక్‌కుమార్. "పోయిన నెల మన చీరలు చూడొచ్చిన సేట్లు ఇద్దరూ నా మాటలకే బస్సెక్కిన్రు. ఒకడైతే చాయ్ గూడ తాగలే."

"తాగలే," అంది రోజారమణి, మూలనున్న చీరల దొంతర మీది దుమ్ము దులుపుతూ.

"బలం లేదని ఎవరన్నరు? తూకం లేదంటున్న," అంది సంధ్య. "మంత్రం ఎంత ఇస్తదో అంత గుంజుకోవాలె. నువ్వేం ఇడుస్తవ్?"

ప్రాణంలో పది పాయింట్లు ఇస్తానన్నాడు. చాలదన్నారు. చేతికర్ర ఇస్తానన్నాడు. కర్రదేముంది, అడవిలో ఇంకోటి విరుచుకుంటావన్నాడు ఎల్లేష్. గొంతుతో వచ్చింది గొంతుతోనే పోవాలని రోజారమణి తేల్చింది. గర్జించినవాడు తర్వాత మూగబోవాలి. గంట చాలన్నాడు అశోక్‌కుమార్. బేరం సాగి సాగి, సంధ్య దగ్గర ఆగింది. రేపు ఇదే వేళ దాకా, ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

అశోక్‌కుమార్ కాగితం మీద కలం ఆపాడు. ఆటలో పడ్డ శిక్ష బయట కూడా మోయాలన్నది ఆ ఇంటి నియమం. పెట్టింది అతనే. ఆడేదొకటి, బతికేదొకటి అయితే అది రాజకీయ నాయకుల ఆట అవుతుందని గంటసేపు ఉపన్యాసమిచ్చి పెట్టాడు. వద్దని ఎవరూ అడ్డుపడలేదు. అతన్ని ఊరుకోమనడమంటే చేతికి మైకు ఇవ్వడమే. ఆటలో బురదలో చెప్పులు పోగొట్టుకున్న పాపానికి ఎల్లేష్‌ను ఏప్రిల్ ఎండలో బస్టాండు దాకా వట్టికాళ్ళతో నడిపించాడు.

"ఏమన్నా, నీ రూలు నీకు లేదా?" అన్నాడు ఎల్లేష్, తన పాదాలు చూసుకుంటూ.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. అశోక్‌కుమార్ ఛాతీ విరుచుకుని, రాసుకొమ్మన్నాడు. ఓటు పెడితే మూడు చేతులు ఒక్కసారే లేచాయి. ఇరవై ఏళ్ళ ఉద్యమంలో అతని తీర్మానం ఒక్కటి కూడా ఏకగ్రీవంగా నెగ్గలేదు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

లేచి నిలబడి గర్జించాడు. నూలు ధర నుంచి మొదలుపెట్టి, దళారుల దోపిడీ మీదుగా, ప్రపంచ కార్మికుల దాకా పోయాడు. రాక్షసరాజుకు ఇవన్నీ ఎందుకని ఎవరూ అడగలేదు. పావుగంటయ్యాక సంధ్య ఆట పుస్తకం చాటున పాచిక వేసింది. ఎంత పడిందో ఎవరికీ చూపించలేదు.

"ఉరికిండు," అంది.

ఎల్లేష్ చప్పట్లు కొట్టాడు. అశోక్‌కుమార్ విజయగర్వంతో ఇంకో మాట అనబోయాడు. రోజారమణి మూతి మీద వేలు పెట్టి, గడప మీది ఎండను చూపించింది.

"రేపు గీ ఎండ మల్ల గీడికొచ్చేదాక," అంది.

అతను గంభీరంగా తలూపాడు. మాట మీద నిలబడేవాడు ఎట్లా ఉంటాడో ఈ ఊరు చూడాలనుకున్నాడు. పాచికలు సర్దుతుంటే సంధ్య మొహంలో, సేట్లు బస్సెక్కినప్పటి నుంచి లేని నవ్వు కనిపించింది. ఏమిటన్నట్టు కళ్ళెగరేశాడు.

"రేపు పొద్దుగాల పదింటికి మూడో సేటు వస్తుండు, నాయినా."